వరి సీమలో గోధుమ జాడ

రాజమహేంద్రవరంలో పెసరట్టు చెబితే, చాలా హోటళ్లలో కడుపులో ఉప్మా పెట్టి మడిచి, పక్కన అల్లప్పచ్చడి వేసి తెస్తారు. పెసలు, కాసిని బియ్యం, అల్లం, పచ్చిమిర్చి... అట్టులో గోధుమ లేదు. ఉప్మా మాత్రం అంతా గోధుమే. సీలియాక్ జబ్బున్న మనిషికి ఆ అట్టు మంచి ఆహారం, దాని మడతలో ఉన్న ఉప్మా హాని.

ఆ మాట సర్వర్‌తో చెప్పి చూడండి. "గోధుమపిండి ఏమీ వెయ్యలేదండీ, ఉత్త బొంబాయి రవ్వే" అంటాడు. అతను అబద్ధమాడటం లేదు. మన వంటింట్లోకి వచ్చాక గోధుమ పేరు మారిపోయింది. మైదా, బొంబాయి రవ్వ, సేమ్యా అన్నీ గోధుమే అయినా ఏ పేరులోనూ గోధుమ వినపడదు. ఈ జబ్బుతో గోదావరి జిల్లాల్లో బయట తినాలంటే ముందు నేర్చుకోవలసింది ఈ మారుపేర్లనే.

పేగులో జరిగేది

గోధుమ, బార్లీ, రై గింజల్లో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తును ఈ రోగుల దేహం శత్రువుగా చూస్తుంది. దాని మీద చేసే పోరులో సొంత చిన్నపేగునే గాయపరుచుకుంటుంది. తిన్నది ఒంటబట్టించే నూగులాంటి లోపలి పొర చదునైపోతుంది. విరేచనాలు, తగ్గని రక్తహీనత, ఎముకల బలహీనత, పిల్లల్లో ఎదుగుదల ఆగిపోవడం... ఇలా రకరకాలుగా బయటపడుతుంది. మందు లేదు. జీవితాంతం గ్లూటెన్ మానడమే వైద్యం. రెండో ప్రపంచ యుద్ధం చివర నెదర్లాండ్స్‌లో రొట్టె దొరకని కరువులో ఈ జబ్బున్న పిల్లలు కోలుకోవడాన్ని విల్లెమ్ డిక్కె అనే పిల్లల డాక్టరు గమనించారు. దోషం గోధుమదేనని 1950లో తన సిద్ధాంత గ్రంథంలో చూపారు.

మన దేశంలో 23 వేల మందికి పైగా పెద్దలను పరీక్షించిన అధ్యయనం 2016లో వచ్చింది. ఉత్తరాదిన నూటికి 1.23 మంది రక్తంలో ఈ జబ్బును సూచించే యాంటీబాడీలు కనిపిస్తే, దక్షిణాదికి ఎంచుకున్న వెల్లూరు ప్రాంతంలో వెయ్యికి ఒకరిలో కనిపించాయి. ఈ జబ్బుకు అనువైన జన్యువులు మాత్రం రెండుచోట్లా దాదాపు సమానమే. తేడా కంచంలో ఉంది: అక్కడ రోజుకు సగటున 455 గ్రాముల గోధుమ, ఇక్కడ 25. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక వరిచేలతో నిండిపోయిన డెల్టా మనది. ఆ వరి ఇన్నాళ్లూ మనల్ని కొంత కాచిందనే అనుకోవాలి. ఇప్పుడు షుగర్ భయంతో రాత్రి అన్నం మాని చపాతీకి మారిన ఇళ్లు ఎన్నో. వెయ్యికి ఒకరన్న లెక్కే ఇక్కడా వేసుకుంటే, 2011 జనాభా ప్రకారం ఉభయ గోదావరి జిల్లాల్లో తొమ్మిది వేల మంది రక్తంలో ఆ యాంటీబాడీలు ఉంటాయి.

ఏది తినొచ్చు, ఏది అడగాలి

మన వంటల్లో చాలావాటిలో పుట్టుకతోనే గ్లూటెన్ లేదు. ఇడ్లీ, మినపరొట్టె, పనసాకు బుట్టల్లో ఉడికే అంబాజీపేట పొట్టిక్కలు, ముద్దపప్పు, పనసపొట్టు కూర, వరద నీటికి ఎదురొచ్చే పులసతో పెట్టిన పులుసు. వీటిలో గోధుమకు చోటు లేదు.

అడగాల్సినవి వేరే ఉన్నాయి. రవ్వదోసె, పూరీ, మైసూరు బజ్జీ సరేసరి. పునుగుల పిండిలో మైదా కలిపారా? పాయసం సేమ్యాదా, సగ్గుబియ్యందా? రొయ్యల వేపుడుకు పైన ఏ పిండి పట్టించారు? చైనా వంటల్లో పోసే సోయా సాస్‌ను చాలావరకు గోధుమ కలిపే చేస్తారు. అందరూ మరిచిపోయేది ఇంగువ. డబ్బాల్లో వచ్చే ఇంగువ పొడుల్లో చాలావాటికి మైదా కలుపుతారు. అలాంటి ఇంగువ పోపులో పడితే పులిహోర, చారు, మజ్జిగపులుసు కూడా తినరానివైపోతాయి.

మిఠాయిల్లోనూ అంతే. తాపేశ్వరం మడత కాజా, కాకినాడ గొట్టం కాజా మైదాతో చేసేవి. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆత్రేయపురం పూతరేకు బియ్యప్పిండి జావతో తీసిన రేకు. నెయ్యి, బెల్లం వేసిన పాతరకం నిశ్చింతగా తినొచ్చు. మాల్ట్ పొడి చల్లిన కొత్తరకమైతే వద్దు, మాల్ట్ సాధారణంగా బార్లీదే.

"కొంచెం తింటే ఏం కాదండీ"

ఈ రోగులు అన్నిటికంటే ఎక్కువగా వినే మాట ఇది. ఏమవుతుందో 2007లో ఇటలీ పరిశోధకులు చూపించారు. రోజుకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మూడు నెలలు లోపలికి పోతే పేగు దెబ్బతింటుంది. అర గ్రాము పైచిలుకు మైదాలో అంత గ్లూటెన్ ఉంటుంది. అంటే ఒక చిటికెడు.

అందుకే వంటకం ఒక్కటే చూస్తే చాలదు. పరోటా కాల్చిన పెనం మీదే దోసె వేస్తే, పూరీలు వేగిన మూకుట్లోనే గారెలు వేస్తే, ఉప్మా గరిటెతోనే చట్నీ వడ్డిస్తే ఆ చిటికెడు చేరిపోతుంది. వేడికి గ్లూటెన్ చావదు. గోధుమలు పట్టిన మరలోనే ఆడించిన రాగిపిండి, జొన్నపిండి కూడా నమ్మదగినవి కావు.

అడిగే తీరు

రద్దీ లేని వేళ వెళ్లండి. సర్వర్‌ను కాక వంటమాస్టర్‌నే అడగండి. గ్లూటెన్ అంటే తెలియకపోవచ్చు, తెలిసిన పేర్లే చెప్పండి: "మాస్టర్‌గారూ, నాకు గోధుమ, మైదా, బొంబాయి రవ్వ, సేమ్యా పడవండీ. ఇష్టం లేక కాదు, జబ్బు. కడిగిన పెనం మీద, వేరే అట్లకాడతో ఒక అట్టు వేసిపెడతారా?" ఇదే మాట కాగితం మీద రాసి జేబులో ఉంచుకుంటే ఇంకా మంచిది. జవాబు తడబడితే ఆవిరి మీద ఉడికిన ఇడ్లీతో సరిపెట్టుకుని లేవండి. అనుమానం ఉంటే గోధుమ మానేయకముందే రక్తపరీక్ష చేయించుకోండి. మానేశాక చేస్తే జబ్బు దొరక్కపోవచ్చు.

2020 నాటి ఆహార లేబులింగ్ నిబంధనల ప్రకారం కేంద్ర లైసెన్సు ఉన్న, లేదా పదీ అంతకు మించి శాఖలున్న భోజనశాలలు పడని పదార్థాల వివరం చెప్పాలి. ఊళ్లోని టిఫిన్ హోటలుకు ఆ బాధ్యత లేదు. పాస్తా తినే ఇటలీలో 2005 చట్టం బడి, ఆసుపత్రి క్యాంటీన్లలో అడిగినవారికి గ్లూటెన్ లేని భోజనం పెట్టి తీరాలంది. వరి పండే మనకు అది ఇంకా సులువు. ఒక వేరే పెనం, ఒక వేరే మూకుడు, మైదా కలవని ఇంగువ ఉంటే చాలు.

ఆకు దొన్నె

అన్నవరం సత్యదేవుని ప్రసాదం గోధుమ నూకతో చేసేది. కొండెక్కిన సీలియాక్ రోగి దాన్ని కళ్లకద్దుకుని, పక్కనున్నవారి చేతిలో పెట్టాలి. ఆ క్షణంలో "ప్రసాదం కాదంటావా?" అని ఎవరూ అనకూడదు. భక్తికి అందులో లోటేమీ లేదు.

కొసరి కొసరి వడ్డించడం గోదావరి వాళ్ల మర్యాద. గరిటె ఎత్తే ముందు "మీకు పడనివి ఏమైనా ఉన్నాయాండీ?" అని అడిగితే, ఈ జబ్బున్నవారంతా మన పంక్తిలో ధైర్యంగా కూర్చుంటారు.