దీపము చెప్పు సాక్ష్యము ఎంతవరకు?

పసుపులో సున్నము కలిపిన ఎఱ్ఱని పారాణి యగుట మన ఇండ్లలో ఎరుగనివారు లేరు. పసుపు బట్టపై సబ్బు పడినచోట ఎఱ్ఱమచ్చ ఏర్పడుటయు, నిమ్మరసము తగిలింపగానే అది మరల పచ్చనగుటయు తెలిసినదే. పసుపులోని కుర్కుమిన్ అను పదార్థము క్షారమును గుర్తించి రంగు మార్చుకొనుచున్నది. రసాయనమును రంగుద్వారా పసిగట్టుట యనగా ఇదియే.

కుర్కుమినుకు మరియొక గుణము కలదు. కంటికి కనబడని అతినీలలోహిత కిరణములు తగిలినపుడు అది పసుపుపచ్చని కాంతిని విడుచును. ఇట్టి పదార్థములు పీల్చుకొనిన శక్తిలో కొంత వేడిగా పోగొట్టుకొని, మిగిలినదానిని కంటికి కనబడు వెలుగుగా ఇచ్చును. 1852లో స్టోక్స్ అను శాస్త్రజ్ఞుడు దీనికి ఫ్లోరెసెన్సు అని పేరిడెను. ఆయన పరిశీలించిన వానిలో క్వినైన్ ద్రావణము ఒకటి. అది నీలముగా మెరయును. అందులో ఉప్పు కలిపినచో మెరుపు తగ్గును. తగ్గిన మెరుపును కొలిచి ఉప్పు ఎంత కలదో లెక్కకట్టవచ్చును. నీటిలోని లోహముల జాడ పట్టుటకు కూడ ఇట్టి సూత్రముపైననే క్రొత్త పదార్థములను తయారుచేయుచున్నారు.

నకిలీలను పట్టుటకును ఇదే ఉపాయము. కరెన్సీ నోటును ఈ దీపముక్రింద ఉంచినచో కాగితము మసకగానుండి, అంకెల వరుసయు లోపలి సన్నని పోగులును మెరయును. మామూలు తెల్లకాగితమైనచో అంతయు నీలితెలుపుగా మెరయును. స్పైరోపైరాన్ వంటి మరికొన్ని పదార్థములు ఈ కిరణములకు రంగే మార్చుకొని, కొంతసేపటికి మునుపటి స్థితికి వచ్చును. అయితే పలుమారులు మారినమీదట వాని శక్తి క్షీణించును.

ఇక మన సంగతి. చలవ నూలుకు తెలుపు హెచ్చుటకై పెట్టు టినోపాల్ వంటి మందులు ఈ జాతివే. కావున చలవ బట్ట దీపముక్రింద నీలముగా మెరయును. కోరా నూలు మసకగా నుండును. పట్టు తనంతట తానే కొద్దిగా మెరయును. ఇది తెలియనివారు దీపము పట్టి, “మెరయుచున్నది గనుక ఇది మరమగ్గపు సరుకు” అని ధర తగ్గింపజూచినచో నేతసోదరులు ఒప్పుకొనరాదు. దీపము చెప్పునది నూలుకు ఏమి పూసిరో అన్నదే. ఏ మగ్గముపై నేసిరో అది చెప్పజాలదు. చేతితో నేసిన తువ్వాలు సైతము, అట్టి మందు కలిసిన సబ్బుపొడితో ఉతికినచో మెరయును.

అట్లని ఈ విద్య మనకు పనికిరానిది కాదు. 2004లో వచ్చిన సిల్క్ మార్కు, 2006లో వచ్చిన హ్యాండ్లూమ్ మార్కు చీటీలు. చీటీని విప్పి వేరొక బట్టకు కట్టవచ్చును. అంచులో పడుగుతోబాటు పోవు గుర్తుపోగు బట్టను విడిచిపోదు. సంఘములు ఇట్టి పోగును వాడదలచినచో మూడు సంగతులు గమనింపవలెను.

ఒకటి: బజారులో దొరకు రంగైనచో నకిలీవాడును కొనును. కనుక రెండు మూడు రంగుల పోగులను ఒక వరుసలో పేర్చి, ఆ వరుసను అప్పుడప్పుడు మార్చవలెను.

రెండు: ఇట్టి రంగులలో చాల భాగము ఎండకు చెడును. ముందుగా ఒక ముక్కను సగము అట్టతో కప్పి కొన్నాళ్లు ఎండబెట్టి, తరువాత ఉతికి, దీపముక్రింద రెండు సగములను పోల్చి చూడవలెను.

మూడు: గుర్తుపోగు మరమగ్గమునకు చేరినచో అంతయు వృథా. ఇచ్చిన పోగునకును వచ్చిన బట్టకును మగ్గము వారీగా లెక్క సరిపోవలెను.

దీపమువంక నేరుగా చూడరాదు, కండ్లకు హాని.

పోగు గుర్తును మాత్రమే చూపును. దానిని నమ్మదగినదిగా చేయునది సంఘపు చిట్టాలోని లెక్క.