ఆశ్రయం కేసుల్లో నిపుణుల సాక్ష్యమే కీలకం

స్వదేశంలో ప్రాణభయం ఉందంటూ పరాయి దేశంలో ఆశ్రయం కోరే వ్యక్తి వద్ద సాధారణంగా సాక్షులు ఉండరు, పత్రాలూ ఉండవు. హింసించిన వారు అందుకు ధ్రువపత్రం ఇవ్వరు. అతని మాటలోని నిజానిజాలు తేల్చవలసిన న్యాయమూర్తి ఆ దేశాన్ని ఎన్నడూ చూసి ఉండకపోవచ్చు. ఈ లోటును పూరించేదే ఆ దేశ పరిస్థితులపై నిపుణులు ఇచ్చే సాక్ష్యం. దానికి ఎంత విలువ ఇవ్వాలన్న విషయమై బ్రిటన్ న్యాయస్థానాలు వెలువరించిన తీర్పుల్లో శ్రీలంక తమిళుల కేసులకు ప్రత్యేక స్థానం ఉంది.

1951 నాటి శరణార్థుల ఒడంబడిక ప్రకారం జాతి, మతం, జాతీయత, సామాజిక వర్గం లేదా రాజకీయ అభిప్రాయాల కారణంగా పీడనకు గురవుతామన్న సహేతుకమైన భయంతో దేశం విడిచినవారు శరణార్థులు. ఈ భయాన్ని ఎలా కొలవాలన్న ప్రశ్న ఆరుగురు శ్రీలంక తమిళుల కేసులో, నాడు బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానంగా ఉన్న ప్రభువుల సభ ముందుకు వచ్చింది. మనసులో భయం ఉన్నంత మాత్రాన చాలదని, పీడనకు నిజంగానే తగినంత ఆస్కారం ఉందా అన్నది చూడాలని 1987 డిసెంబరులో ప్రభువుల సభ తీర్పు చెప్పింది. దీనితో స్వదేశంలోని వాస్తవ పరిస్థితులే విచారణకు కేంద్రమయ్యాయి.

తీర్పు ప్రతికూలంగా రావడంతో వారిలో ఐదుగురిని 1988 ఫిబ్రవరిలో శ్రీలంకకు తిప్పి పంపారు. అయితే వారి అప్పీళ్లను విచారించిన అధికారి 1989 మార్చిలో వారి భయం సహేతుకమైనదేనని తేల్చారు. అదే సంవత్సరం వారు తిరిగి బ్రిటన్ చేరుకున్నారు. పంపిన నాటికి తెలిసిన సమాచారాన్ని బట్టి చూస్తే బ్రిటన్ ప్రభుత్వం ఐరోపా మానవ హక్కుల ఒడంబడికను ఉల్లంఘించినట్లు కాదని ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం 1991 అక్టోబరులో పేర్కొనడం గమనార్హం.

మారే పరిస్థితులు

ఒక దేశం గురించిన అంచనా ఎల్లకాలం చెల్లదు. కొలంబోకు తిరిగి వెళ్లే తమిళునికి ఉండగల ప్రమాదాన్ని అంచనా వేయడానికి బ్రిటన్ ట్రిబ్యునల్ 2007లో 12 అంశాలను గుర్తించింది. ఎల్.టి.టి.ఇ.తో సంబంధం, కస్టడీ నుంచి తప్పించుకోవడం, ఒంటిపై గాయాల మచ్చలు, గుర్తింపు పత్రాలు లేకపోవడం వంటివి వాటిలో ఉన్నాయి. 2009 మే నెలలో యుద్ధం ముగిసింది. ఆ తరువాత పలువురు నిపుణుల సాక్ష్యం విన్న ఎగువ ట్రిబ్యునల్ 2013 జూలైలో కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. గతంలో ఎల్.టి.టి.ఇ.తో ఉన్న సంబంధం కన్నా, విదేశాల్లో తమిళ వేర్పాటువాద కార్యకలాపాల్లో ప్రధాన పాత్ర వహిస్తున్నారన్న అనుమానమే ఎక్కువ ప్రమాదకరమని నిర్ధారించింది. 2021లో వెలువడిన మరో తీర్పు కొన్ని వివరణలతో ఈ వైఖరినే చాలావరకు కొనసాగించింది.

నిపుణుని పరిధి

ఇటువంటి కేసుల్లో సాక్ష్యమిచ్చేవారు విశ్వవిద్యాలయ అధ్యాపకులు, పాత్రికేయులు, మానవ హక్కుల పరిశోధకులు. రుసుము ఎవరు చెల్లించినా వారి ప్రథమ బాధ్యత న్యాయస్థానం పట్లనే. తమ సమాచారానికి ఆధారాలేమిటో చూపాలి, తమ అభిప్రాయానికి విరుద్ధమైన వాస్తవాలనూ దాచకూడదు. దరఖాస్తుదారు చెప్పిన కథనం ఆ దేశ పరిస్థితులకు పొసగుతుందా లేదా అన్నది నిపుణుడు చెప్పవచ్చు. అతడు నిజం చెబుతున్నాడా అన్నది తేల్చవలసింది మాత్రం న్యాయమూర్తే.

ఈ సరిహద్దు ఎక్కడన్నది వైద్య నిపుణుల విషయంలోనూ వివాదమైంది. భద్రతా దళాలు కాల్చిన లోహపు కడ్డీలతో వాతలు పెట్టాయంటూ ఒక శ్రీలంక తమిళుడు 2011లో ఆశ్రయం కోరాడు. అతని మచ్చలు ఆ కథనంతో పొసగుతున్నాయని వైద్యుడు నివేదించినా, వాటిని అతడే ఇతరుల చేత కావాలని పెట్టించుకున్నాడని ట్రిబ్యునల్ భావించింది. వైద్యుడు పరిధి మీరాడని అప్పీలు కోర్టు మెజారిటీ తీర్పులో ఆక్షేపించింది. 2019 మార్చిలో బ్రిటన్ సుప్రీంకోర్టు ఈ తీర్పును ఏకగ్రీవంగా కొట్టివేసింది. మచ్చలు ఎలా ఏర్పడ్డాయన్న కథనంపై వైద్యుడు అభిప్రాయం చెప్పవచ్చని, ఆశ్రయం కోసం అంతటి వాతలు పెట్టించుకోవడం అత్యంత అరుదని స్పష్టం చేసి, కేసును పునర్విచారణకు పంపింది.

భారతదేశం 1951 ఒడంబడికపై సంతకం చేయలేదు. శరణార్థులకు ఇక్కడ ప్రత్యేక చట్టమూ లేదు. తమిళనాడు శిబిరాల్లో తలదాచుకున్న శ్రీలంక తమిళుల భవితవ్యం ప్రభుత్వ ఉత్తర్వులపైనే ఆధారపడి ఉంది. బ్రిటన్ తరహా విచారణలోనూ పొరపాట్లు జరుగుతాయనడానికి 1988 నాటి ఉదంతమే నిదర్శనం. అయితే అక్కడ ప్రభుత్వ అంచనాను నిపుణుని సాక్ష్యంతో ప్రశ్నించే అవకాశమైనా ఉంది. తిప్పి పంపిన తరువాత తప్పు దిద్దుకునే వీలు ప్రతి కేసులోనూ ఉండదు గనుక, ఆ అవకాశం విమానం ఎక్కించక ముందే దక్కడం ముఖ్యం.