ఇసుకే హైవే... అలే సిగ్నల్!

ఆ హైవే మీద స్పీడ్ లిమిట్ 80. సీట్‌బెల్ట్ తప్పనిసరి. తాగి నడిపితే కేసు. అన్ని రూల్సూ ఉంటాయి కానీ రోడ్డే ఉండదు! ఉన్నదంతా ఇసుక. అది కూడా రోజుకి రెండుసార్లు సముద్రం కిందకి వెళ్లిపోతుంది.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ తీరాన ఉన్న గర్రి దీవి సంగతి ఇది. ఫ్రేజర్ ఐలాండ్ అంటే చాలామంది గుర్తుపడతారు. 120 కిలోమీటర్లకు పైగా పొడవున్న ఈ దీవి ప్రపంచంలోనే అతి పెద్ద ఇసుక దీవి. 1992 నుంచీ యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది. తూర్పు తీరంలోని ‘సెవెంటీఫైవ్ మైల్ బీచ్’ ఇక్కడి మెయిన్ రోడ్డు. అప్పుడప్పుడూ చిన్న విమానాలు కూడా దాని మీదే దిగుతుంటాయి!

స్టీరింగ్ మనది, దారి గైడ్‌ది

ఇక్కడ మామూలు కార్లు నడవవు, ఫోర్ వీల్ డ్రైవ్ ఉండాల్సిందే. ఇసుకలో నడిపిన అనుభవం లేనివాళ్ల కోసం ‘ట్యాగ్ అలాంగ్’ టూర్లు ఉన్నాయి. ముందు గైడ్ బండి, వెనక మూడు నాలుగు బండ్లు. నడిపేది మనమే. ఎక్కడ తిప్పాలో, ఎక్కడ ఆగాలో గైడ్ రేడియోలో చెబుతుంటారు.

బ్రిస్బేన్‌లో ఉంటున్న మేం ఆరుగురం లాంగ్ వీకెండ్‌కి ఇదే బుక్ చేసుకున్నాం. ‘డ్రైవింగ్ మనకి రాదా ఏంటి? గైడ్‌కి డబ్బులు దండగ’ అని మాలో ఒకడు బయల్దేరినప్పటి నుంచీ గొణుగుతూనే ఉన్నాడు. మూడు గంటల ప్రయాణం తర్వాత ఇన్‌స్కిప్ పాయింట్‌లో బండితో సహా బార్జ్ ఎక్కాం. పది నిమిషాల్లో అవతలి ఒడ్డు.

గాలి తీస్తేనే బండి కదిలేది

గైడ్ మాతో ముందుగా చేయించిన పని టైర్లలో గాలి తీయించడం. తారురోడ్డు మీద ఉండే గాలిలో దాదాపు సగం! గాలి తగ్గితే టైరు నేల మీద వెడల్పుగా, పొడవుగా పరుచుకుంటుంది. బరువు ఎక్కువ చోట పడుతుంది కాబట్టి ఇసుకలో దిగబడదు. కాకపోతే ఒక్కసారిగా స్టీరింగ్ కొయ్యకూడదు, టైరు రిమ్ము నుంచి ఊడొచ్చే ప్రమాదం ఉంది.

అడవి లోపలి దారులు ఇంకా కష్టం. అక్కడ లిమిట్ 30. మెత్తటి ఇసుక ఎత్తు ఎక్కుతుండగా మా బండి ఆగిపోయింది. స్టీరింగ్ మీద ఉన్నది మా గొణుగుడుగాడే. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కబోతుంటే రేడియోలో గైడ్ గొంతు: ‘కాలు తీసెయ్! చక్రం తిరిగేకొద్దీ గొయ్యి లోతవుతుంది. వచ్చిన జాడలోనే వెనక్కి పో, మళ్లీ నిదానంగా రా.’ అలాగే చేశాడు, ఎక్కేశాం. ఆ తర్వాత డబ్బుల మాట ఎత్తితే ఒట్టు!

సముద్రం మన కోసం ఆగదు

బీచ్ మీద బండ్లు తిరగడానికి మంచి టైమ్, ఆటు వచ్చే సమయానికి రెండు గంటలు ముందు, రెండు గంటలు తర్వాత. ఆ టైమ్ రోజుకి సుమారు 50 నిమిషాలు జరుగుతుంటుంది. అందుకే నిన్నటి ప్లాన్ ఇవాళ పనికిరాదు. మేం ఈలై క్రీక్‌లో చల్లటి మంచినీళ్ల మీద తేలుతూ ‘ఇంకో అరగంట’ అని బతిమాలినా గైడ్ వినలేదు.

ఎందుకో దారిలో తెలిసింది. అలలకి దగ్గరగా ఒక అద్దె బండి కూరుకుపోయి ఉంది. భార్యాభర్తలు చేతులతో ఇసుక తోడుతున్నారు. ఐదారేళ్ల పాప పక్కన నిలబడి ఏడుస్తోంది. నీళ్లు అప్పటికే చక్రాలని తాకుతున్నాయి. మా గైడ్ ముందు పాపని మా బండిలో కూర్చోబెట్టమంది. పారలు తీసి తవ్వాం, టైర్ల కింద పలకలు పెట్టాం, తన బండికి తాడు కట్టి లాగింది. రెండో ప్రయత్నానికి బండి బయటపడింది. వెనక్కి చూస్తే మేం తవ్విన గోతుల మీదుగా అల పొర్లిపోతోంది. అప్పటిదాకా ఫోన్లలో వీడియోలు తీసిన మాకెవరికీ ఆ పది నిమిషాలూ ఫోన్ గుర్తే రాలేదు.

అదే తీరంలో తుప్పు పట్టిన మహెనో ఓడ ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆసుపత్రి నౌకగా పనిచేసిన ఆ ఓడని 1935లో తుక్కు కోసం జపాన్‌కి లాక్కెళ్తుంటే తుపాను ఇక్కడికి విసిరేసింది. పొద్దున దాని ముందు సెల్ఫీలు దిగాం. సాయంత్రం తిరిగొస్తూ చూసినప్పుడు మాత్రం అందరం నిశ్శబ్దంగా ఉండిపోయాం.

ఇది ఎవరి ఊరు?

ఈ నేల బుచులా ప్రజలది. 1836లో ఓడ ప్రమాదం నుంచి బయటపడి ఇక్కడికి చేరిన ఎలైజా ఫ్రేజర్, వాళ్లని క్రూరులుగా చిత్రించింది. దీవికి ఫ్రేజర్ పేరే స్థిరపడింది. 2014లో బుచులా ప్రజల సంప్రదాయ భూహక్కుకి కోర్టు గుర్తింపు ఇచ్చింది. 2023లో పాత పేరు అధికారికంగా తిరిగొచ్చింది. ‘గర్రి’ అంటే వాళ్ల భాషలో స్వర్గం.

బుచులా వాళ్ల నియమాలు మూడు: నేలకి మేలు చేసేదే ముందు. నీది కానిది ముట్టుకోకు. ఎక్కువ ఉంటే పంచుకో. మా గైడ్ ఆ సాయంత్రం చేసింది కూడా మూడోదే అనిపించింది.

వెళ్లాలనుకుంటే...

* దీవిలోకి తీసుకెళ్లే బండికి పర్మిట్ తీసుకోవాలి. అద్దె బండైతే బీమాలో ఉప్పునీటి నష్టం ఉందో లేదో చదవండి. చాలావాటిలో ఉండదు.
* డింగోలకి తిండి పెట్టొద్దు, భారీ జరిమానా ఉంటుంది. పిల్లల్ని చేతికందే దూరంలోనే ఉంచుకోండి. 2001లో డింగోల దాడిలో తొమ్మిదేళ్ల బాలుడు చనిపోయాడు.
* సముద్రంలో ఈతకి దిగొద్దు. సొరచేపలు, లోపలికి లాగేసే ప్రవాహాలు ఉంటాయి. ఈతకి మెకెంజీ సరస్సు ఉంది. అది వాననీటితో నిండేది కాబట్టి సన్‌స్క్రీన్ పూసుకుని దిగకండి.
* తారురోడ్డు ఎక్కేముందు టైర్లలో గాలి మళ్లీ నింపడం మర్చిపోవద్దు.