బొమ్మలకథలో వాక్యహాస్యము

షేక్స్పియరు మహాకవి హాస్యనాటకములను బాలురకై బొమ్మలకథలుగా మార్చు పద్ధతి పాశ్చాత్యదేశములందుఁ జిరకాలమునుండి కలదు. లోకమునఁ గామిక్సులని వ్యవహరింపఁబడు నీ రచనలను మన పండితులలోఁ బెక్కురు కావ్యచర్చకుఁ దగినవిగా నెంచరు. నేనును నట్లే యెంచియుంటిని. అయినను, మాటలయందుఁ బుట్టిన హాస్యము బొమ్మలోనికిఁ బోయినప్పుడు దానిలో నేది నిలుచును, ఏది నశించును అనునది శబ్దశాస్త్రము చదివినవారు విచారింపఁదగిన ప్రశ్నమే. కావున నొక్క నాటకమును గ్రహించి దీనిని విమర్శింతును.

ఆ నాటకము ‘మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్’, అనఁగా నడివేసవిరాత్రి కల. ఇది 1595-96 ప్రాంతమున రచింపఁబడి 1600లో మొదట ముద్రితమయ్యెను. భారతీయులకు నిది క్రొత్తది కాదు. 1892లోనే ఆర్. కృష్ణమాచార్యులవారు దీనిని ‘వాసంతికస్వప్నము’ అను పేర సంస్కృతమున వెలయించిరి. కథ సంగ్రహముగా నిట్టిది. ఏథెన్సు ప్రభువగు థీసియసు వివాహమునకు ముందు, నలువురు యువతీయువకులు ప్రేమచిక్కులలోఁ బడి యడవికిఁ బోవుదురు. అచట దేవయోనులకు రాజగు ఓబెరానును రాణి టిటానియాయుఁ గలహించుచుందురు. ఓబెరాను పరిచారకుఁడగు పక్కు పువ్వురసముతో నిద్రితుల కన్నులను భ్రమింపఁజేయును. బాటము అను నేఁతగాఁడు, క్విన్సు అను వడ్రంగి మొదలగు నార్వురు పనివారు ప్రభువు పెండ్లినాఁ డాడఁదలఁచిన నాటకమును వల్లించుకొనుటకై యా యడవికే వత్తురు. పక్కు బాటమునకు గాడిదతలఁ దగిలించును. మందుప్రభావమున టిటానియా యా గాడిదతలవానినే వలచును.

భరతముని హాస్యమును అంగము, నేపథ్యము, వాక్యము అను మూఁటినిబట్టి త్రివిధముగా విభజించెను. అవయవముల వికృతచేష్టవలనఁ గలుగునది యొకటి, వికృతవేషమువలనఁ గలుగునది వేఱొకటి, వికృతవాక్కువలనఁ గలుగునది మూఁడవది. బొమ్మలకథకు మొదటి రెండును నప్రయత్నముగా సిద్ధించును. వచనకథలో ‘వానికి గాడిదతల వచ్చెను’ అని యొకమాఱు చెప్పిన, నాలుగు వాక్యములు నడుచునప్పటికిఁ జదువరి దానిని మఱచును. బొమ్మలకథలో నా తల ప్రతిగడియందును గనఁబడుచునే యుండును. తన రూపము మాఱినదని యెఱుఁగని బాటము తక్కినవారి తెలివిని నిందించుచుండఁగా, బాలుఁడు వాని తలను జూచుచు వాని మాటలను జదువును. దృశ్యకావ్యమునకు సహజమగు నీ లాభము వచనమునకు లేదు. మఱియు నాటకశాలలోఁ బ్రేక్షకుఁడు నటుని వేగమునకు లోఁబడును. బొమ్మలకథను జదువువాఁడు తన కిచ్చవచ్చినచోట నిలుచును, వెనుకకు మరలును.

ఇఁక మూఁడవదగు వాక్యహాస్యము. చిక్కంతయు నిచటనే కలదు. ఈ నాటకమున సుమారు 16,000 మాటలు గలవు. 64 పుటల పుస్తకమునఁ బుటకు ఆఱుగడుల చొప్పున 384 గడు లగును. గడికి ఇరువదిమాటలకు మించిన బొమ్మకుఁ జోటు చాలదు. ఆ లెక్కను 7,680 మాటలు మాత్రమే పట్టును. సగముకంటె నెక్కుడు విడువక తప్పదు. ఏ సగమును విడువవలయును? అనుకర్త వివేకమంతయు నీ ప్రశ్నమునకుఁ జెప్పు నుత్తరముననే తెలియును.

1807లోఁ జార్లెసు లాంబు, మేరీ లాంబు అను సోదరీసోదరులు షేక్స్పియరు కథలను బాలురకై వచనమున సంగ్రహించిరి. అందు హాస్యనాటకకథలు మేరీ వ్రాసినవి. ఈ కథలోఁ బనివారి నాటకము లేదు, బాటము పేరైనను లేదు. త్రోవ తప్పిన యొక గ్రామ్యుఁడు మాత్రము గాడిదతలఁ దాల్చుటకు వచ్చిపోవును. కథాసూత్రమును గాపాడుటకు హాస్యమును విడిచిరన్నమాట. నేనును నీ తప్పునే చేసితిని. ఇరువదియైదేండ్ల క్రిందటఁ బాఠశాలావిద్యార్థులకై యీ కథను దెలుఁగున సంగ్రహించుచుఁ బనివారి ప్రసంగములు గ్రామ్యములని వాని నెల్లఁ దొలగించితిని. విద్యార్థులు కథను దప్పులేక యప్పగించిరి. ఒక్కఁడును నవ్వలేదు. హాస్యనాటకమును జదివి నవ్వని బాలుఁడు దానిని జదివినట్లా యని నాఁడు నాకుఁ దోఁపలేదు.

బొమ్మలకథయందు దీనికి విపరీతమగు మార్గము నవలంబింపవచ్చును. కథను బొమ్మయే చెప్పఁగలదు. ఎవఁ డెవని వెంటఁ బరుగెత్తెనో, ఎవఁడు నిద్రించెనో, పువ్వురస మెవని కంటఁ బడెనో వ్రాయఁబనిలేదు. వర్ణనములందును గొన్నిఁటిని విడువవచ్చును. ఆనాఁటి లండను బహిరంగ నాటకశాలలలోఁ బగటివేళ నాటకము లాడెడివారు. చిత్రించిన తెరలు లేవు. కావున రాత్రియనియు, వెన్నెలయనియు, అడవియనియుఁ బాత్రలే చెప్పవలసివచ్చెను. చిత్రకారుఁ డా భారమును వహింపఁగా నా మాటలకు సెలవీయవచ్చును. కవిత్వసౌందర్యముచేఁ బ్రసిద్ధములైన వర్ణనలను రెండింటిని మూఁటిని మాత్రము నిండుపుటలపై నిలుపుట మేలు. ఇట్లు మిగిలిన చోటంతయు వాక్యహాస్యమునకే చెందవలయును.

ఆ హాస్యము బహువిధములు. బాటము ఇంద్రియములను దాఱుమాఱు చేయును. కంఠధ్వనిని జూచెదననియు, ముఖమును వినెదననియుఁ బలుకును. వాఁడు గోడసందునఁ గన్ను పెట్టి వినెదననుచున్నట్లు గీచినచో బొమ్మయు మాటయు నొండొంటిని ఖండించుకొని హాస్యము ద్విగుణ మగును. గాడిదతలతో వచ్చిన వానినిఁ జూచి క్విన్సు వాడిన యాంగ్లపదమునకు రూపము మాఱుట, భాష మాఱుట యను రెండర్థములు గలవు. అనువాదకుఁ డీ శ్లేషను దెలుఁగున ‘రూపాంతరము’ అను మాటచేఁ గొంత నిలుపవచ్చును.

అన్నిఁటికంటె వ్యాకర్తకుఁ బ్రియమైనది క్విన్సు చదువు ప్రస్తావన. మిమ్ము నొప్పించుటకుఁ గాక మెప్పించుటకే వచ్చితిమని వాఁడు చెప్పఁదలఁచును. విరామములను దప్పి నిలుపుటచే వాక్యార్థము తలక్రిందగును. సభవారు వాని విరామజ్ఞానమును బరిహసింతురు. రంగస్థలమున నటుఁడు శ్వాసచే దీనిని జూపును. పుస్తకమున నంతయు విరామచిహ్నములపై నాధారపడును, బాలుర కవి కనఁబడవు. బొమ్మలకథలో మాటలను జుట్టు బుడగయే విరామము. నేనొక వాక్యమును గల్పించి చూపుదును. ‘వచ్చితిమి, మిమ్ము నొప్పింపఁ గాదు, మెప్పింప’ అని యొక్క బుడగలో నుంచినచో సాధ్వర్థము. ‘వచ్చితిమి మిమ్ము నొప్పింప’ అని యొక బుడగ, ‘కాదు మెప్పింప’ అని వేఱొక బుడగ యైనచో నర్థము విపరీతము. ఇందొక సూక్ష్మము గలదు. మొదటిదాన ద్రుతముమీఁది పరుషము సరళమై ‘గాదు’ అయినది. రెండవదాన నడుమ విరామ ముండుటచే సంధి లేక ‘కాదు’ అని నిలిచినది. ఒక్క యక్షరము పొరపాటెచటనో తెలుపుచున్నది. ఆంగ్లమునఁ జుక్క చేయు పనిని మనభాషలో సంధియే చేయుచున్నదని చెప్పవచ్చును.

భాషాభేదమును విచారింపవలసియున్నది. మూలమునఁ బ్రభువులును బ్రేమికులును బద్యమునఁ బలుకుదురు, దేవయోనులు పెక్కుచోట్లఁ బొట్టిపాదముల గేయములఁ బాడుదురు, పనివారు తమలోఁ దాము వచనమున మాటలాడుదురు. అందఱిని నొక్క భాషలోఁ బలికించిన నాటకము చదునగును. తెలుఁగునఁ జేయువారు ప్రభువులకు గ్రాంథికమును, దేవయోనులకు మాత్రాచ్ఛందస్సును, పనివారికి వాడుకభాషను నీయవలయునని నా మతము. గ్రాంథికాభిమానినగు నేనిట్లనుట కొందఱి కచ్చెరువు గావచ్చును. సంస్కృతనాటకములందు నీచపాత్రములకుఁ బ్రాకృతము విధింపఁబడలేదా? ‘శాకుంతలము’న జాలరి ప్రాకృతమునఁ బలుకుటచేఁ గాళిదాసునకుఁ గొఱఁత రాలేదు. కామిక్సులో నక్షరముల వ్రాలు మార్చి యీ భేదమును గంటికిఁ జూపుటకును వీలున్నది.

పూర్వులు చేసిన ప్రయత్నములు గలవు. అమెరికాలో ‘క్లాసిక్స్ ఇలస్ట్రేటెడ్’ గ్రంథమాల 1951లో దీనిని 87వ సంచికగాఁ బ్రకటించెను. 2008లో ‘మాంగా షేక్స్పియరు’ మాలలో జపానురీతి బొమ్మలతో నిది వెలువడెను. ‘క్లాసికల్ కామిక్స్’ వారు షేక్స్పియరు నాటకములను మూలపాఠము, సులభపాఠము, సంక్షిప్తపాఠము అని మూఁడు తెఱఁగులఁ బ్రకటించిరి. 1998లో మార్షియా విలియమ్సు చేసిన కూర్పు నాకు మిక్కిలి నచ్చినది. అందు బొమ్మక్రింద సులభవచనమునఁ గథయు, బుడగలలోఁ గవి మాటలును, అంచులలో నాటకశాలాప్రేక్షకుల యల్లరియు నుండును. మూలము, తాత్పర్యము, టిప్పణియు నొక్కపుటలో నుండు మన గ్రంథముల కూర్పునకు నిది చుట్టము గాదా?

బొమ్మలు బాలుర యూహను జంపునని యొక యాక్షేపము గలదు. ఇది త్రోసివేయఁదగినది కాదు. దీని కుత్తర మీ నాటకముననే యున్నది. పనివారు సభవారి యూహను నమ్మరు. అందుచే నొకనికి సున్నము పూసి గోడ యనిపింతురు, వేఱొకనిచేత లాంతరు పట్టించి చంద్రుఁ డనిపింతురు. సర్వమును గంటికిఁ జూపఁగోరు చిత్రకారుఁడు క్విన్సు మేళమునఁ జేరినవాఁడే. గోడవేషముదాల్చిన మనుష్యునిఁ గాక నిజమైన గోడనే గీచినవాఁడు హాస్యమును మొదలంటఁ జెఱుచును. గడికిని గడికిని నడుమనున్న తెల్లని యెడమును బాలునికే విడువవలయును. అచట వాని యూహ పనిచేయును.

ఈ యేఁడు నేను పైని జెప్పిన క్విన్సు ప్రస్తావనను రెండు గడులుగా వంకరటింకరగా గీచి యెనిమిదవతరగతివారికిఁ జూపితిని. తరగతి యంతయు నవ్వెను. నవ్వు సమసినపిమ్మట నొక బాలిక లేచి, “ఒక గడిలో ‘గాదు’ అనియు వేఱొకదాన ‘కాదు’ అనియు నేల వ్రాసితిరండీ? తప్పు పడినదా?” యని యడిగెను. ద్రుతసంధిని ముప్పదియేండ్లుగా బోధించుచున్న నన్ను నెవ్వరును దానంతట నీ ప్రశ్న మడిగియుండలేదు. ఆ దినము సూత్రమును నేను చెప్పుటకు ముందే వారికి దానితోఁ బని గలిగెను. కందుకూరి వీరేశలింగముపంతులవారు ‘కామెడీ ఆఫ్ ఎఱర్స్’ను ‘చమత్కారరత్నావళి’గా మార్చి షేక్స్పియరు హాస్యమును మనకుఁ దెచ్చిరి. ఆ మార్గమున బొమ్మలకథ నొక మెట్టుగా నెంచి, నా సూచనలలోని గుణదోషములను బండితులును నుపాధ్యాయులును దమ తరగతులలోనే పరీక్షించి తెలుపఁ బ్రార్థించుచున్నాను.