చెరువు శిఖము చెరువుదే



2024వ సంవత్సరము ఆగస్టు నెలాఖరున, సెప్టెంబరు మొదట కురిసిన కుంభవృష్టిని మీరు మరచియుండరు. కోదాడ పట్టణమున వీధులు వాగులై పారినవి. కార్లు సైతము కొట్టుకొనిపోయినవి. నడిగూడెము మండలమున రామచంద్రాపురము కడ సాగరు ఎడమ కాలువకు గండిపడి పైరులు మునిగినవి. వాన మితిమీరెనని ఆకాశమును నిందించుట సులభము. కాని నీరు పోవలసిన త్రోవ నెవరు మూయుచున్నారని విచారింపక తప్పదు.

పిల్లలమర్రిలో గుడులు కట్టించిన రేచర్ల రెడ్ల కాలమునుండియు ఈ సీమకు చెరువే ఆధారము. పూర్వులు చెరువులను గొలుసుకట్టుగా నిర్మించిరి. పై చెరువు నిండి మత్తడి దుమికిన నీరు క్రింది చెరువును చేరును. నడుమ నొక్క కాలువను పూడ్చినను పై ఊరు మునుగును, క్రింది ఆయకట్టు ఎండును.

సూర్యాపేట, కోదాడలు హైదరాబాదు–విజయవాడ రాజమార్గముపై నున్నవి. మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు పేరొందినది. కావున ఈ పట్టణముల చుట్టు భూమి వెల పెరిగినది; చెరువుల అంచులపై కన్ను పడినది.

చెరువు నిండి మత్తడి పొర్లునపుడు నీరు వ్యాపించు భూమియే శిఖము. ఎండకాలమున నది పొడిగా నుండుటచే పలువురు మోసపోవుదురు. శిఖమునకు పట్టా ఉన్నను, నీరు తీసిన పిమ్మట సేద్యము చేసికొనవచ్చునే కాని, మన్ను పోసి ఎత్తు చేయుటకును ఇల్లు కట్టుటకును హక్కు లేదు. 2012వ సంవత్సరపు కట్టడముల నియమముల ప్రకారము, 10 హెక్టారులు గాని అంతకు మించి గాని ఉన్న చెరువునకు పూర్తి నీటిమట్టపు హద్దునుండి 30 మీటర్లును, అంతకు చిన్న చెరువునకు 9 మీటర్లును విడువవలయును.

నేనెరిగిన యొక కర్షకుడు మత్తడి క్రింది రెండెకరములను ప్లాట్లకు అమ్మెను. కొన్నవారు కాలువను బారెడు వెడల్పునకు కుదించిరి. మరుసటి యేటి వరద అతని మిగిలిన వరిమడిలో ఇసుక మేట వేసెను. “అయ్యా, నా పొలమునకు నేనే గండి కొట్టుకొంటిని” అని అతడు వాపోయెను. నాడు నారుమడి పద్ధతి చూపుటకు పోయిన నేను, కాలువలో మన్ను పోయుట కన్నులార చూచియు, ఇది నా పని కాదని మిన్నకుంటిని. ఆ తప్పులో నాకును పాలు కలదు.

కావున సంఘ సభ్యులు చేయవలసిన పనులివి:

1. వేసవిలోనే గ్రామ నక్షా తెచ్చుకొని చెరువు చుట్టును, మత్తడి కాలువ వెంటను నడచి చూడుడు. హద్దురాళ్లు లేనిచో పాతింపుడని నీటిపారుదల శాఖను, తహసీల్దారును కోరుడు.

2. ఆక్రమణ కనబడిన సర్వే నంబరు వ్రాసి, సంఘ సమావేశమున తీర్మానించి, పలువురు సంతకములు చేసి అర్జీ ఇండు, రసీదు దాచుడు. ఒంటరి గొంతును బెదరింపవచ్చును, నూరు సంతకములను బెదరింపజాలరు.

3. తొలకరికి ముందే కాలువలోని తుమ్మ, గుర్రపుడెక్క, చెత్త తీయుడు. అనుమతి పొంది చెరువు ఒండ్రుమట్టిని పొలములకు తోలుకొనుడు. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పనులలో ఈ మట్టి తోలుకొన్నవారికి దాని విలువ తెలియును.

4. మత్తడి త్రోవలోని భూమిని, ఎంత వెల వచ్చినను, కట్టడములకు అమ్మకుడు.

చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొని ఫలమేమి? రాబోవు వానకాలమునకు ముందే మీ చెరువు హద్దును మీ కాళ్లతో కొలిచి రండు.

— ఒక వ్యవసాయ ప్రదర్శకుడు