మల్టీ ఎఫెక్ట్స్ ప్రాసెసర్: ఎలక్ట్రిక్ గిటార్ తొలిదశ సాధన

ఈ భాగం చదివిన తరవాత మీరు మల్టీ ఎఫెక్ట్స్ ప్రాసెసర్ పనిచేసే తీరును వివరించగలుగుతారు; ఏ ఎఫెక్టు మీ వాదనలోని ఏ లోపాన్ని కప్పిపుచ్చుతుందో గుర్తించగలుగుతారు.

1. పనిచేసే తీరు

గిటార్ తీగ కంపించినప్పుడు దాని కింద ఉన్న పికప్‌లో స్వల్ప విద్యుత్ సంకేతం పుడుతుంది. అది ఆంప్లిఫయర్‌ను చేరేలోగా దాని స్వరూపాన్ని మార్చే సాధనాన్ని ఎఫెక్టు అంటారు. 1962లో వచ్చిన మేస్ట్రో ఫజ్-టోన్ వంటి తొలి పెడళ్లు ఒక్కొక్కటి ఒక్క పనే చేసేవి. 1965లో రోలింగ్ స్టోన్స్ బృందం విడుదల చేసిన 'సాటిస్‌ఫాక్షన్' పాటలోని గరగర నాదం ఆ పెడల్‌దే.

మల్టీ ఎఫెక్ట్స్ ప్రాసెసర్‌లో ఇలాంటి ఎఫెక్టులు అనేకం ఒకే పెట్టెలో ఉంటాయి. నేటి ప్రాసెసర్ సంకేతాన్ని సాధారణంగా సెకనుకు 44,100 లేదా 48,000 సార్లు కొలిచి అంకెలుగా మారుస్తుంది. ఆ అంకెలపై గణనలు జరిపి, ఫలితాన్ని తిరిగి విద్యుత్ సంకేతంగా బయటికి పంపుతుంది.

2. మూడు ప్రధాన ఎఫెక్టులు

డిస్టార్షన్: తరంగ శిఖరాలను కత్తిరిస్తుంది. అందువల్ల కొత్త హార్మోనిక్స్ పుట్టి నాదం గరుకుగా, నిండుగా వినిపిస్తుంది.

డిలే: మీటిన స్వరాన్ని కొంత విరామం తరవాత మళ్లీ వినిపిస్తుంది. ఈ విరామాన్ని లయకు సరిపోల్చాలంటే 60,000ను నిమిషానికి వచ్చే బీట్ల సంఖ్యతో భాగించాలి. 120 బీట్ల వేగానికి 500 మిల్లీసెకన్లు వస్తుంది.

రివర్బ్: పెద్ద హాలులో గోడల నుంచి తిరిగివచ్చే శబ్దాన్ని అనుకరిస్తుంది.

వీటి వరుస కూడా ముఖ్యమే. డిస్టార్షన్ తరవాత డిలే ఉంచితే ప్రతిధ్వనులు విడివిడిగా వినిపిస్తాయి. వరుస తారుమారైతే స్వరమూ ప్రతిధ్వనులూ కలిసి కత్తిరింపుకు గురై నాదం అలుక్కుపోతుంది.

3. ఎఫెక్టు దాచే లోపాలు

గురువు ఎదుట లేకుండా నేర్చుకొనేవారికి చెవే గురువు. ఎఫెక్టులు ఆ చెవినే మోసగించగలవు. డిస్టార్షన్ వేసినప్పుడు మెల్లగా మీటినా, గట్టిగా మీటినా ధ్వని తీవ్రత ఇంచుమించు ఒకేలా వినిపిస్తుంది. మీటులోని ఎగుడుదిగుడులు మీకు తెలియవు. డిలే లయలోని తడబాటును కప్పుతుంది. స్వరానికీ స్వరానికీ మధ్య తెగిపోయిన చోటును రివర్బ్ పూడుస్తుంది. ఇలా కొన్ని నెలలు సాగితే తప్పు చేతికి అలవాటవుతుంది. తరవాత దాన్ని సరిదిద్దుకోవడం కొత్తగా నేర్చుకోవడంకన్నా కష్టం.

అయితే డిస్టార్షన్ ఒక లోపాన్ని బయటపెడుతుంది కూడా. అరచేతితోగాని వేళ్లతోగాని ఆపకుండా వదిలేసిన తీగల మోతను అది పెద్దది చేసి వినిపిస్తుంది. కాబట్టి ఎఫెక్టును శత్రువుగా చూడనక్కరలేదు. అది దేన్ని దాస్తుందో, దేన్ని చూపుతుందో తెలిస్తే చాలు.

4. సాధన క్రమం

ముందుగా ఎఫెక్టులన్నీ ఆపి, మెట్రోనోమ్‌తో ఒక చిన్న స్వర సముదాయాన్ని పది నిమిషాలు వాయించండి. దాన్ని ఫోన్‌లో రికార్డు చేసి వినండి. తరవాత ఒకే ఒక ఎఫెక్టు వేసి అదే సముదాయాన్ని వాయించి, రెండింటినీ పోల్చండి. ఎఫెక్టు లేకుండా వినసొంపుగా వచ్చినప్పుడే రెండో ఎఫెక్టు జోడించండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. నిమిషానికి 100 బీట్ల వేగానికి డిలే విరామం ఎంత ఉండాలి?
2. లయ తప్పుతున్నదన్న అనుమానం కలిగితే మొదట ఏ ఎఫెక్టును ఆపాలి? ఎందుకు?