బొమ్మలో సీసం, పొడిలో విషం

ఆళ్లగడ్డలో చెక్కిన రాతి విగ్రహం గుడిలో వందేళ్లున్నా ఎవరికీ హాని చెయ్యదు. దాన్ని చెక్కే చోట లేచే దుమ్ము సంగతి వేరు. గ్రానైటు పొడిలోని సిలికా శిల్పి ఊపిరితిత్తుల్లో పేరుకుని, ఏళ్లు గడిచాక సిలికోసిస్‌గా బయటపడుతుంది. వస్తువు వల్ల వచ్చే ముప్పు ఒకటి, దాన్ని తయారుచేసే పనిలో ఉన్న ముప్పు మరొకటి. బల్లమీద ఆడే యుద్ధాల ఆటలకు వాడే చిట్టి లోహపు బొమ్మల్లో సీసం ఉండొచ్చా అన్న వాదనలో ఈ రెంటినీ కలిపేయడం వల్లే ఇరుపక్షాలూ సగం నిజమే చెప్పాయి.

ఈ బొమ్మలకు పెద్ద చరిత్రే ఉంది. ఇంగ్లండులో విలియం బ్రిటన్ కంపెనీ 1893లో బోలు పోత పద్ధతి తెచ్చింది. కరిగిన లోహాన్ని అచ్చులో పోసి, అంచులు గట్టిపడగానే మిగతాది బయటికి వంపేస్తే లోపల డొల్లగా ఉండే సైనికుడు చవగ్గా తయారవుతాడు. 1913లో రచయిత హెచ్.జి. వెల్స్ అలాంటి సైనికులతో ఆడే ఆటకు నియమాలు రాసి ‘లిటిల్ వార్స్’ అని పుస్తకమే వేశాడు. 1974లో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆట వచ్చాక సైనికుల పక్కన మంత్రగాళ్లు, రాక్షసులు చేరారు. వీటన్నిటికీ సీసమే ఎందుకంటే, దానికి తగరం కలిపితే వచ్చే సుగుణం అలాంటిది. సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర, తగరం 232 దగ్గర కరుగుతాయి. రెండూ తగిన పాళ్లలో కలిస్తే 183 డిగ్రీలకే నీరవుతాయి. అంత తక్కువ వేడికి రబ్బరు అచ్చు చెక్కుచెదరదు. అచ్చును గిర్రున తిప్పుతూ పోస్తే 28 మిల్లీమీటర్ల బొమ్మ చేతిలోని కత్తి మొన దాకా లోహం చేరుతుంది. గట్టిదనానికి కాస్త యాంటిమొనీ వేస్తారు. తగరం కంటే సీసం ఎంతో చవక కాబట్టి దాని పాలు పెరుగుతూ పోయింది.

సీసాన్ని చేత్తో తాకినంత మాత్రాన ఒంట్లోకి పోదు. లోహరూపంలో అది చర్మం గుండా దాదాపు చొరబడదు. పైగా సీసం మనకు కొత్తదేమీ కాదు. నంద్యాలకు తూర్పున నిలబడ్డ నల్లమల శ్రేణుల్లోనే, కడప జిల్లా జంగమరాజుపల్లె దగ్గర పాత సీసపు గనుల ఆనవాళ్లున్నాయి. సాతవాహనులైతే ఏకంగా సీసంతో నాణేలు వేసి తెలుగు నేలమీద చలామణి చేశారు. అలాంటప్పుడు రంగు పూసి, వార్నిష్ పట్టించిన బొమ్మకు భయపడడం అతి కాదా అని ఆటగాళ్లు అడిగారు. ప్రశ్న సబబే. కానీ అది పూర్తయిన బొమ్మకు మాత్రమే, అదీ చేతిలో ఉన్నంతసేపే వర్తిస్తుంది. నోట్లోకి పోతే కథ మారుతుంది. 2006లో అమెరికాలో నాలుగేళ్ల పిల్లవాడు దాదాపు పూర్తిగా సీసంతో చేసిన చిన్న లోలకాన్ని మింగి చనిపోయాడు. కడుపులోని ఆమ్లం సీసాన్ని కరిగిస్తుంది మరి. ఆమ్లపు ఆవిరి తగిలినా చాలు. ఓక్ చెక్క అల్మారాల్లో దాచిన పాత సీసపు బొమ్మలకు ఆ చెక్క వదిలే ఎసిటిక్ ఆమ్లం వల్ల తెల్లటి బూజులాంటి పొడి పట్టడం సేకర్తలకు తెలిసిన తలనొప్పే. అది సీసపు కార్బొనేటు. చేతికి అంటుకునేది, గాల్లో లేచేది అదే.

అంతకంటే మామూలుగా పొడి పుట్టేది అతుకు గీత దగ్గర. అచ్చు రెండు సగాలు కలిసే చోట ప్రతి బొమ్మమీదా సన్నటి గట్టు మిగులుతుంది. రంగు వేసే ముందు దాన్ని ఆకురాయితో అరగదీయాల్సిందే. ఆ రజను గోళ్లలోకి, బల్లమీదికి, అక్కణ్ణుంచి తినే చెయ్యికి చేరుతుంది. ఆడేది పెద్దవాళ్లే కదా అన్న వాదన ఇక్కడ నిలవదు. ఆట పెద్దవాళ్లదే అయినా నేలమీద పాకే పసివాడు అదే ఇంట్లో ఉంటాడు. మింగిన సీసంలో పెద్దవాళ్ల శరీరం పదో వంతు పీల్చుకుంటే, చిన్నపిల్లలది సగం దాకా పీల్చుకోగలదు. ఇంత వరకైతే ప్రమాదం లేదు అని చెప్పగల మోతాదేదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట.

1993లో న్యూయార్క్ రాష్ట్రం ఈ బొమ్మల్లో సీసాన్ని నిషేధించబోయింది. తయారీదారులు, ఆటగాళ్లు గోల పెట్టారు. చివరికి గవర్నర్ మారియో క్వోమో వీటికి మినహాయింపునిచ్చే బిల్లుమీద సంతకం చేశాడు. తమాషా ఏమిటంటే, గెలిచాక కూడా అమెరికా కంపెనీలు చాలామటుకు అప్పటికే మళ్లిన సీసం లేని మిశ్రమాల్లోనే కొనసాగాయి. ఇంగ్లండులో ఇలాంటి బొమ్మలే చేసే గేమ్స్ వర్క్‌షాప్ కంపెనీ 1997లో సీసం మానేసింది. బొమ్మల ధర పెరిగిన మాట నిజం. అయినా నా లెక్కలో ఆ మార్పు సరైనదే. కొనేవాడికంటే ముందు, రోజంతా కరిగిన సీసం పక్కన నిలబడే పోతపనివాడికి అది మేలు. చట్టం అతన్ని తలుచుకోలేదు గానీ ఫలితం అతనికీ దక్కింది.

మన దేశంలో 2021 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన బొమ్మల నాణ్యతా ఉత్తర్వు 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకే వర్తిస్తుంది. పెద్దల ఆటబొమ్మ ఆ గీతకు అవతల ఉంది. కాబట్టి జాగ్రత్త కొనేవాడిదే. నంద్యాలలోనైనా మరెక్కడైనా పాత బ్యాటరీ సీసం కరిగించి ఇంట్లో బొమ్మలు పోయాలని ఎవరికైనా అనిపిస్తే దయచేసి ఆ పని పెట్టుకోకండి. అందులో ఆమ్లం, యాంటిమొనీ, ఒక్కోసారి ఆర్సెనిక్ కూడా ఉంటాయి. పాత బొమ్మ చేతికొస్తే దానితో కాగితంమీద గీసి చూడండి. బూడిదరంగు చార స్పష్టంగా పడితే సీసం పాలు ఎక్కువని అనుమానించండి. దాన్ని పొడిగా అరగదీయకండి, పిల్లల చేతికివ్వకండి, ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోండి.